మెట్ట తాబేలు

నా చిన్నప్పుడు నేనొక ప్రాణిని చంపాను. ఇలా సూటిగా చెబితే మా ఇంట్లో పిల్లలు నొచ్చుకుంటారు. తెలియక జరిగింది కదా అంటారు. నిజమే, తెలియకే జరిగింది. కానీ ఆ తెలియకపోవడం ఎలా తయారైందో చెప్పకుండా అక్కడితో ఊరుకోవడం నాకు చేతకాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. పుంగనూరులో మా తాతయ్య ఇంట్లో పెరుగుతున్నాను. పక్కింట్లో ఒక ముసలాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఆయనకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. పిల్లలందరికీ కళాయి తాత. కొలిమి తిత్తి, బొగ్గుల సంచి గాడిద మీద వేసుకుని పల్లెలు తిరిగేవాడు. ఒకసారి పెద్దమండ్యం వైపు నుంచి వస్తూ, బండ్ల బాటలో చక్రం కింద పడబోయిన తాబేలును తీసి బొగ్గుల సంచిలో వేసుకొచ్చాడు. తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. కొబ్బరి చిప్పంత ఉంది. నల్లటి వీపు మీద ఒక్కో గుబ్బ నుంచి పసుప్పచ్చటి గీతలు చుట్టూ పరుచుకుని ఉన్నాయి. బొగ్గుపొడి తుడిచేకొద్దీ ఆ గీతలు బయటపడ్డాయి.

"మెట్టదమ్మా ఇది. ఆకూ పువ్వూ పెట్టు. మూకుట్లో రవంత నీళ్ళు పెట్టు. ఊరికే ఎత్తుకోని తిరగాకు," అన్నాడు.

మెట్ట అంటే మాకు వాన మీద ఆధారపడిన చేను. మెట్టలో దొరికింది కాబట్టి మెట్టది అన్నాడనుకున్నాను. ఆ జీవి బతికే తీరు గురించి చెబుతున్నాడని నాకు తట్టలేదు. అడగనూ లేదు.

దాన్ని ఎలా పెంచాలో నాకేమీ తెలియదు. పాలన్నం కలిపి పెడితే ముట్టలేదు. గుమ్మడి పువ్వు పెడితే మెడ చాచి, కొస నుంచి మొదలుపెట్టి, ఏ తొందరా లేకుండా తినింది. పొద్దుటి ఎండ వీపుకు తగిలితే గానీ కదిలేది కాదు. మధ్యాహ్నానికి రోలు నీడలోకి చేరేది. మొదట నా అడుగుల చప్పుడుకే తల లోపలికి లాక్కునేది. పదిరోజులకు ఆ పని మానింది. నెల తిరిగేసరికి పువ్వు కోసం నా వైపే నడిచి వచ్చేది. ఆ ఇంట్లో నన్ను చూసి ఎదురొచ్చింది అదొక్కటే.

దానికి స్నానం చేయిద్దామని ఒకసారి గంగాళంలో నీళ్ళు పోసి దించాను. నాలుగు కాళ్ళతో అంచును పట్టుకుని గీరింది. గోళ్ళు ఇత్తడి మీద రాసుకుంటుంటే పళ్ళు జివ్వుమన్నాయి. తీసి నేల మీద పెట్టగానే వెనక్కి చూడకుండా రోలు కిందికి వెళ్ళిపోయింది. ఇది నేను కళ్ళారా చూశాను. దీన్ని మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.

అవి యుద్ధం రోజులు. తగరం దొరకడం కష్టమైపోయింది. తగరం లేనిదే కళాయి లేదు. కుప్పం పోయి రైలెక్కితే బెంగళూరులోనైనా దొరుకుతుందేమోనని కళాయి తాత బయలుదేరాడు. ఆయన అటు పోవడం, ఇటు ఎండలు ముదరడం ఒకేసారి జరిగాయి. తాబేలు తిండి మానేసింది. రోలు కింద మట్టి తవ్వుకుని, తలా కాళ్ళూ లోపలికి ముడుచుకుని రోజులకు రోజులు కదలకుండా ఉండిపోయింది. ఎండాకాలం అవి అలాగే పడి ఉంటాయని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియదని అన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"నీళ్ళ పానం గదా, ఎండకు ఎండిపోతాండాది. బావిలో యెయ్యండి, బతుకుతాది," అంది మా అవ్వ. చూడవచ్చిన ప్రతివాళ్ళూ అదే మాట. మా వైపు కొత్త బావి తవ్వితే అందులో తాబేలును వదిలేవాళ్ళు, పురుగూ పుట్రా తిని నీళ్ళు శుభ్రంగా ఉంచుతుందని. అందులో అర్థం లేకపోలేదు. వాళ్ళు వదిలేది చెరువుల్లో పట్టిన తాబేలును. దానికీ దీనికీ మా ఇంట్లో ఒకటే పేరు. మా తాతయ్య ఇంకో మెట్టు పైకెక్కి, పది అవతారాల్లో రెండోది ఇదేననీ, సముద్రం అడుగున కొండను మోసినవాణ్ణి మట్టిలో పెట్టి ఎండగడుతున్నామనీ అన్నాడు. ఆయన అంత నిశ్చయంగా చెప్పాక గంగాళం సంగతి ఎత్తడానికి నాకు సిగ్గేసింది.

ఒక శుక్రవారం పొద్దున అవ్వ దాని వీపుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. బొక్కెనలో పెట్టి నేనే దించాను. తాడు వదులుతున్నంతసేపూ గిలక కిర్రుమంటూనే ఉంది. బొక్కెన నీళ్ళను తాకి పక్కకు ఒరిగింది. తాబేలు తేలి, మెడంతా బయటికి చాచి, నాలుగు కాళ్ళూ ఆడించింది.

"సూడు సూడు, ఎంత బాగా ఈదుతాండాదో," అంది ఎదురింటి అక్క. "ఇన్నాళ్ళూ యాల మట్టిలో పెట్టుకోనుంటివే పిల్లా?"

"పుట్టింటికి పోయినట్ల ఉండాది దానికి," అంది అవ్వ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మడి పువ్వు ఒకటి విసిరాను. అది పువ్వు వైపు చూడలేదు. గోడ దగ్గరికి చేరి రాళ్ళను గీరింది. బావిలోంచి ఆ చప్పుడు పెద్దగా వచ్చింది. గంగాళంలో విన్నదే. నా చేతిలో తాడు ఉంది, బొక్కెన ఇంకా నీళ్ళలోనే ఉంది. అవ్వ అన్నానికి పిలిచింది. వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నీళ్ళ మీద పువ్వు ఒక్కటే ఉంది.

"అడుక్కు పోయింటాది. దాని ఇల్లు ఆడే గదా," అంది అవ్వ.

నాలుగో రోజు పైకి తేలింది. మా తాతయ్య బొక్కెనతో తీసి, అరుగు పక్కన పెట్టి, గంప బోర్లించాడు. స్వామి వచ్చిన పని అయిపోయింది, వెళ్ళిపోయాడన్నాడు. మన ఇంటి కీడంతా అది మోసుకుని పోయిందని అవ్వ ఎదురింటివాళ్ళకు చెప్పింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు ఏడుపు రాలేదు. అన్నం పెడితే తిన్నాను, పలక ఇస్తే రాశాను. ఎవరో వేరే పిల్ల చేస్తుంటే చూస్తున్నట్టుండేది.

ఆ సాయంత్రమే కళాయి తాత ఊరి నుంచి వచ్చాడు. తగరం దొరకలేదట. గంప ఎత్తి చూసి, దాని పక్కనే గొంతుకూర్చున్నాడు. నన్ను తిట్టలేదు. గిన్నెలు తోమే జాలాడి రాళ్ళ తడిలో ఉన్న కప్పను పట్టుకుని, దాని వెనక కాలు నా ముందు విప్పాడు.

"యేళ్ళ మధ్యన తోలుండాది, సూసినావా? ఇది ఈదేదాని కాలు." కప్పను వదిలేసి, నా వేలు పట్టుకుని తాబేలు పాదం మీద పెట్టాడు. రోకలి కొసలా మొద్దుగా ఉంది. చివర గట్టి గోళ్ళు. మధ్యలో ఏ తోలూ లేదు. "ఇది నడిచేదాని కాలు బేటీ. మెట్టది."

"ఐతే నేనే సంపేస్తినా తాతా?"

"పసిదానితో అట్లాటి మాటలేందప్పా," అని అవ్వ అడ్డం వచ్చింది.

ఆయన అవ్వ వైపు చూడలేదు. "ఔనమ్మా. నువ్వే. తెలీక," అన్నాడు. గంపను పక్కకు జరిపి, "నేనుగూడా. మెట్టది అని నోటితో చెప్పి పోతిని. కాళ్ళు సూపించకుండా పోతిని," అన్నాడు.

ఆ నాలుగు రోజుల్లో నాతో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది ఆయనొక్కడే. స్వామి అనీ కీడు అనీ చెప్పినవాళ్ళు నా మీద ప్రేమతోనే చెప్పారు. ఆ ప్రేమలో తాబేలుకు చోటు లేదు. అది ఎందుకు చచ్చిందో తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. ఆయన గుంత తవ్వాడు, నేను మట్టి కప్పాను. అప్పుడైనా ఏడుస్తానేమోనని ఆయన నా మొహం చూశాడు. ఏడవలేదు. ఆ మొద్దుతనం చాలాకాలం ఉండిపోయింది. పూర్తిగా పోయిందని ఈరోజుకీ చెప్పలేను.

పెద్దయ్యాక మదనపల్లెలోనూ ఇంకా చాలా చోట్లా సభల్లో నిలబడి వాదించాను. శాస్త్రాలు ముందు పెట్టుకుని స్త్రీలకు ఏది సుఖమో, పేదలకు ఏది తగునో నిశ్చయించేవాళ్ళతో గొంతు చించుకున్నాను. నా కోపం పుస్తకాల నుంచి వచ్చిందని చాలామంది అనుకున్నారు. మా తాతయ్యతో మాత్రం ఎన్నడూ వాదించలేదు. ఆయన చెడ్డవాడు కాదు. తాబేలు గురించి ఆయనకు అంతా తెలుసు, దాని పాదం తప్ప. నాకు ఆ పాదం చప్పుడు కూడా తెలుసు, అయినా నోరెత్తలేదు. ఇద్దరిలో తప్పు ఎవరిది ఎక్కువో నేను ఎప్పుడో తేల్చుకున్నాను.

ఇప్పుడు నాకు చెవులు సరిగా వినపడవు. ఎవరైనా ఒకరిని చూపించి హాయిగా ఉన్నారని చెబితే, చెప్పినవాళ్ళ మాట వదిలేసి ఆ మనిషి చేతుల వైపు, కాళ్ళ వైపు చూస్తాను. ఎక్కడైనా ఏదైనా గీరుకుంటున్న చప్పుడు వస్తోందా అని ఆగి వింటాను. నా చేతిలో తాడు ఇంకా ఉన్నట్టే ఉంటుంది.