తెల్లగా చిట్లిన నిప్పురవ్వలు

తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా, ఏ లేతు షాపులో ఉక్కు మీద అనుమానం వచ్చినా నాకోసం మనిషిని పంపేవారు. సాన చక్రం మీద నిప్పురవ్వల్ని చూసి, ఆ ఉక్కు ఏ దేశంలో పోతపోశారో, ఏ నెలలో ఓడెక్కిందో చెప్పేవాణ్ణి.

సరే, దేశం సంగతి అబద్ధం. మనిషిని పంపడం కూడా రెండుసార్లే జరిగింది, అందులో ఒకసారి వచ్చినవాడు మా బావమరిది. కానీ రవ్వల్ని చూసి రకం చెప్పగలిగేవాణ్ణన్న మాట నిజం. ఆ పేరే లేకపోతే ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు.

లేతు మీద తిరిగే ఇనుమును కోసే చిన్న ఉక్కు ముక్కను బిట్టు అంటాం. వేలెడంత ఉంటుంది. మంచి బిట్టు హైస్పీడ్ స్టీలుతో చేస్తారు. కోసేటప్పుడు ఎంత కాగినా దాని మొన మెత్తబడదు. కార్బన్ ఉక్కయితే కాస్త వేడెక్కగానే చతికిలబడుతుంది. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. చక్రానికి తాకిస్తేనే తేడా బయటపడుతుంది. కార్బన్ ఉక్కు కాకరపువ్వొత్తిలా తెల్లగా చిట్లి పువ్వులు పూస్తుంది. హైస్పీడు అంత సంబరపడదు. మసక ఎరుపు గీతలు నాలుగు, చిట్లకుండా రాలి ఆరిపోతాయి. మంచి ఉక్కుది ఏడుపుముఖం అనేవాణ్ణి నేను.

డెబ్బయ్యో దశకం మొదట్లో తెనాలిలో రైలు పట్టాల పక్కనున్న షాపులో పనిచేసేవాణ్ణి. రైసుమిల్లుల షాఫ్టులే మా ప్రధానమైన పని. ఆ రోజుల్లో పనికోసం వచ్చే టర్నరు, అంటే లేతు పనివాడు, కాగితాలు తెచ్చేవాడు కాదు. తన బిట్లు గుడ్డలో చుట్టుకుని తెచ్చేవాడు. వాటిని సాన పట్టిన తీరే అతని సర్టిఫికెట్టు.

ముసురు పట్టిన ఒక ఉదయం రేపల్లె నుంచి ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. అక్కడ తను పనిచేసే షాపు మూతపడిందట. నూనె మరకల గుడ్డ విప్పి నాలుగు బిట్లు బల్ల మీద పెట్టాడు.

"మా మేస్త్రిగారు ఇచ్చినవండి. బాపట్లలో ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. పోయేముందు నా చేతిలో పెట్టారు. అసలైన హైస్పీడండి."

"అసలో కాదో మావాడు చెబుతాడులే," అన్నాడు ఓనరు. "ఏమయ్యా, వీటి జాతకం చూడు."

ఒక బిట్టు తీసి చక్రానికి తాకించాను. తెల్లగా, గుత్తులు గుత్తులుగా చిట్లాయి రవ్వలు.

"దీపావళి ముందే వచ్చింది బాబాయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. షాపంతా నవ్వింది.

అతను మాత్రం రవ్వలు రాలిన చోటే చూస్తున్నాడు. "ఇంకొక్కసారి తాకించండి అన్నయ్యగారూ," అన్నాడు.

ఇంకోసారి తాకించి, మోటారు ఆపేసి, "కార్బనే. మీ మేస్త్రి మీకు టోపీ పెట్టాడండీ," అన్నాను.

"మీ అంతట మీరు ఎప్పుడూ రుద్ది చూసుకోలేదా?" అనడిగాడు ఓనరు.

"ఆయనిచ్చిన దాన్ని పరీక్ష పెట్టడమేంటండీ," అన్నాడు అతను. అని, బల్ల మీదున్న మూడు బిట్లూ చుట్టుకున్నాడు. నా చేతిలోది అడగలేదు. గొడుగు కూడా మర్చిపోయి వానలోకి వెళ్ళిపోయాడు.

జరిగిన పొరపాటు తర్వాత చెప్పుకున్నాను, చాలామందికి. అతను రావడానికి ముందు అదే చక్రం మీద ఇనుము రాకే ఒక పాత ఆకురాయిని అరగదీశాను. ఆకురాయి కార్బన్ ఉక్కు. దాని రజను చక్రానికి పట్టి ఉంటుంది. ఉక్కు పరీక్షించే ముందు చక్రం మొహాన్ని గీకి శుభ్రం చెయ్యాలి. చెయ్యలేదు. ఆ తెల్ల రవ్వలు బిట్టువి కావు, ఆకురాయివి. ఎవరికైనా జరిగే పొరపాటే అనేవాణ్ణి. విన్నవాళ్ళూ తల ఊపేవారు.

ఎవరికీ చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. రెండోసారి తాకించేసరికి ఆ రజను కాలిపోయింది. నాలుగు ఎర్ర గీతలు, చిట్లకుండా, రాలి ఆరిపోయాయి. ఈసారి చక్రం మీదికి వంగి చూస్తున్నాను, నా వీపు అడ్డం వచ్చి ఇంకెవరికీ కనపడలేదు. నాకు కనపడ్డాయి. అందుకే మోటారు ఆపేశాను.

ఎందుకంటే ఆ బిట్టు చేతిలోకి తీసుకున్నప్పుడే చూశాను, దాని సాన. అంచులు అద్దంలా ఉన్నాయి. నేను పట్టిన బిట్లు దాని పక్కన నమిలిన చెరుకు ముక్కల్లా ఉంటాయి. అతను చేరితే ఏడాది తిరక్కుండా నా లేతు అతనిదవుతుంది.

ఆ బిట్టు రెండేళ్ళు నాకు చాకిరీ చేసింది. షాఫ్టు రజను నీలం తిరిగి పొగలు చిమ్మినా మొన చెక్కు చెదిరేది కాదు. "ఎక్కడిదయ్యా?" అని ఓనరు అడిగితే, మద్రాసు నుంచి తెప్పించానని చెప్పాను.

ఆ తర్వాత ఒక పెళ్ళికి బాపట్ల వెళ్ళాను. పందిట్లో ఒక పెద్దావిడ, నేను లేతు పనివాణ్ణని విని పక్కకు పిలిచింది. ఆ మేస్త్రిగారి భార్య.

"రేపల్లెలో మా ఆయన శిష్యుడొకడు ఉండాలి నాయనా. ఏటా ఆబ్దికానికి వచ్చి, కొడుకులా దగ్గరుండి అన్నీ చూసేవాడు. రెండేళ్ళయింది రాక. ఒంట్లో బాగుందో లేదో. నీకేమన్నా తెలుసా?"

తెలియదన్నాను. మర్నాడు పెళ్ళి భోజనానికి ఆగకుండా తెనాలి వచ్చి, బిట్టు జేబులో వేసుకుని రేపల్లె రైలెక్కాను.

అక్కడి షాపుల్లో వాకబు చేస్తే కాలవ వైపు చూపించారు. అతను ఒడ్డున బోర్లించిన పడవకు తారు పూస్తున్నాడు. మోచేతుల దాకా నలుపు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరా అన్నయ్యగారూ! ఇటెక్కడికి వచ్చారు?"

"మీ దగ్గరికే. మిగతా మూడు బిట్లు ఏవండీ?"

"అప్పుడే ఈ కాలవలో పారేశానండి." నవ్వబోయి మానేశాడు. "దొంగ సరుకు పెట్టుకుని ఏ షాపు మెట్లెక్కుతాం? ఆయన్ని దేవుడనుకున్నానండి నేను."

జేబులోంచి బిట్టు తీసి ఇచ్చాను. "ఆయన తప్పేం లేదు. ఆ రోజు చక్రానికి మురికి పట్టి ఉంది. ఇది అసలైన హైస్పీడే. రెండేళ్ళు వాడి చూశాను. రండి, ఏ షాపులోనైనా రుద్ది చూపిస్తా."

బిట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండేళ్ళలో నేను అరగదీసి అరగదీసి సగం చేశాను. ఆ అద్దంలాంటి అంచులు లేవు. మేస్త్రిగారు నేర్పిన చేతిపని దాని మీద ఎక్కడా లేదు.

"ఇది ఆయనది కాదండీ," అన్నాడు మెల్లగా. "నా మీద జాలిపడి ఎక్కడిదో తెచ్చారు. మీరు పెద్ద మనసున్నవారు. రవ్వలు నేనూ చూశాను కదండీ, రెండుసార్లు తాకించారు."

రెండోసారి ఏం రాలాయో చెప్పడానికి నోరు తెరిచాను. "మీ మేస్త్రిగారి భార్య మిమ్మల్ని అడిగారు," అన్నాను, అది కాకుండా.

అతను కుంచె తారులో ముంచాడు. బిట్టును, తారు అంటకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని తిరిగి నా అరచేతిలో పెట్టాడు.

సాయంత్రం రైలుకి తెనాలి వచ్చేశాను. మర్నాడు అదే బిట్టు లేతుకు బిగించి పని మొదలుపెట్టాను.