సుద్ద గీతలో గ్లాసు

గిన్నెల మాస్టారి ఇల్లెక్కడని అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు. కాకపోతే, గిన్నెలు కొనడానికి వచ్చారేమోనని అడిగినవాళ్ళని ఒకసారి ఎగాదిగా చూసి మరీ చూపిస్తారు. ఆయన అమ్మేదేమీ లేదు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. మనుషుల బొమ్మలు వేయడు, కొండలూ పడవలూ వేయడు. కెటిల్, గాజు గ్లాసు, మూత సరిగ్గా పట్టని గిన్నె, తాళంకప్ప, ఒక ఉల్లిపాయ, ఇలా ఇంట్లో కాలికీ చేతికీ తగిలే సామానంతా బల్ల మీద పేర్చుకుని, ఎదురుగా కూర్చుని బొగ్గుపుల్లతో గీస్తాడు. ఎవరైనా ఎందుకండీ అంటే, వీటిని ఎవరూ సరిగ్గా చూడరు కదా అంటాడు. ఆ మాట ఎంత నిజమో ఆయనకి చాలా ఆలస్యంగా తెలిసింది.

వెనక గది ఆయనది. కిటికీ ఒక్కటే, వెలుతురు ఎడమ పక్క నుంచి పడుతుంది. బల్ల మీద వస్తువు పెట్టగానే దాని అడుగు చుట్టూ సుద్దముక్కతో గీత గీసేస్తాడు. ఇక ఆ బొమ్మ పూర్తయ్యేదాకా ఆ వస్తువు అక్కడే ఉండాలి. నెల పట్టినా అంతే, మూడు నెలలు పట్టినా అంతే. గడపలో అలికిడైతే చాలు, తల తిప్పకుండానే "కదపకు" అనేవాడు. భార్య లోపలికొచ్చినా అదే మాట, రాకుండా వంటింట్లోంచి ఏదైనా అడిగినా అదే మాట. ఊపిరి పీల్చినట్టు అనేసేవాడు, తను అన్నానని కూడా గుర్తుండేది కాదు.

ఆ ఇంట్లో సంసారం నడవడం అంటే మాటలు కాదు. కూతురు చిన్నప్పుడు ఒక వానాకాలమంతా బడికి మూత లేని డబ్బాలో అన్నం పట్టుకెళ్ళింది, మూత ఉన్న డబ్బా బల్ల మీద పోజులో ఉంది కాబట్టి. ఇంటికొచ్చినవాళ్ళకి గ్లాసులు చాలక చెంబుతో మంచినీళ్ళిచ్చిన రోజులున్నాయి. బల్ల మీది వస్తువులకి ఆవిడ 'మీ చుట్టాలు' అని పేరు పెట్టింది. "ఏమండీ, మీ చుట్టాలు ఎప్పుడు బయల్దేరతారు? నాకు కెటిల్ కావాలి" అనేది. ఆయన నవ్వేవాడు కానీ కెటిల్ ఇచ్చేవాడు కాదు. ఒకసారి గడప మీద నిలబడి, నన్ను కూడా ఆ బల్ల మీద కూర్చోబెట్టండి, నా మీద కూడా కాస్త వెలుతురు పడుతుంది అంది. నువ్వు ఒక్క నిమిషమైనా కదలకుండా ఉండగలవా అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒకరోజు పొద్దున పొయ్యి మీంచి పాలగిన్నె దించబోతూ ఆవిడ గోడ వారగా కూలబడిపోయింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి, మాట పోయింది. చెప్పింది అర్థమవుతుంది, చూపు తెలివిగానే ఉంది, బదులు మాత్రం లేదు. రోజంతా ఇల్లంతా గిరగిరా తిరిగిన మనిషి ముందు గదిలో మంచం మీద, పెట్టినచోట పెట్టినట్టే ఉంటోంది.

కూతురు తన ఇంటికి తాళం వేసుకుని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వస్తోంది. చేతులు గట్టివి, మాట మెత్తన. వచ్చిన మొదటిరోజే ఆ అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది: మొదటి కొన్ని నెలలే ముఖ్యం, చెయ్యి తిరిగి రావాలంటే అప్పుడే రావడం మొదలవ్వాలి, ఆ తరవాత ఎంత తలకిందులైనా ఫలితం తక్కువ. మాట సంగతి అడిగితే, అది కూడా ఒక్కసారిగా రాదంది. ముందుగా వచ్చేది బాగా నలిగిన మాట అట. కొందరికి దేవుడి పేరు వస్తుందట, కొందరికి తిట్టు వస్తుందట. మాస్టారు ఆ పూటే మనసులో తేల్చేసుకున్నాడు, ఈవిడకి వచ్చేది 'ఏమండీ' అని. ఆ పిలుపు కోసం పక్కగదిలో ఉన్నా చెవులు రిక్కించుకుని ఉండేవాడు.

కానీ ఆవిడ దేనికీ ఒప్పుకోవడం లేదు. ఎర్ర రబ్బరు బంతి ఒకటి చేతిలో పెట్టి నొక్కమంటే మొహం గోడవైపు తిప్పేసుకునేది. కొయ్యముక్కలు పెట్టినా అంతే. వారాలు గడిచిపోయాయి. చివరికి వాకిట్లో చెప్పులేసుకుంటూ ఆ అమ్మాయి ఆయనతో, "ఆంటీ ప్రయత్నించడం లేదు మాస్టారూ. రావాలని ఆవిడకే లేకపోతే నేనేం చెయ్యగలను?" అంది. నెలలు అయిపోవస్తున్నాయని విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

ఆ రోజు ఆయన ఎటు పోవాలో తోచక వెనక గదిలోకి వెళ్ళాడు. ఆవిడ పడిపోయిన నాటి బొమ్మ బోర్డు మీద సగంలో ఉంది. కెటిల్ పొట్ట మీద కిటికీ వెలుతురు మెరిసే చోటు కోసం కాగితం ఖాళీగా వదిలి ఉంచాడు. చూస్తే కెటిల్ మీద మెరుపు లేదు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. కిటికీ తలుపు ఇంకాస్త తెరిచాడు. వెలుతురు ఎప్పటి వెలుతురే. ఎందుకో దగ్గరికెళ్ళి వేలితో ముట్టుకుంటే వేలికి దుమ్ము అంటింది. గ్లాసు మీద దుమ్ము, తాళంకప్ప మీద దుమ్ము. ఇన్నేళ్ళుగా నెలల తరబడి ఎవరూ ముట్టుకోని వస్తువుల మీద దుమ్మెందుకు పడలేదో, కన్నార్పకుండా వాటినే చూస్తూ కూర్చున్న మనిషికి ఒక్కనాడూ అనుమానం రాలేదు.

కూతుర్ని పిలిచి అడిగాడు.

"నువ్వు స్నానానికి వెళ్ళగానే అమ్మ రోజూ తుడిచేది నాన్నా. ఒక్కోటి ఎత్తి, తుడిచి, మళ్ళీ నీ సుద్ద గీతలోనే పెట్టేది. చిన్నప్పుడు నేను స్నానాల గది దగ్గర కాపలా ఉండేదాన్ని."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే తుడవనిస్తావా?"

ఆయన బల్ల దగ్గరే కూర్చుండిపోయాడు. కెటిల్ కొమ్ము ఎటు చూడాలో, గ్లాసు అంచు మీది పెచ్చు ఏ వైపు ఉండాలో, గిన్నె మూత ఎంత పక్కకి జరగాలో, అన్నీ ఆవిడ చేతికి తెలుసు. ఆయన గొప్పగా చెప్పుకునే కదలని వస్తువులన్నీ రోజూ కదిలినవే. ఆ కుడిచేత్తో. ఆయనకి సిగ్గేసింది. సిగ్గుకన్నా ఎక్కువగా భయమేసింది, ఆ చెయ్యి ఇక రాదేమోనని.

మర్నాడు సామాను దించి, కూతురూ ఆయనా బల్లని అడ్డంగా తిప్పి, గుమ్మం చెక్క లేచేలా ఈడ్చి, ముందు గదిలో మంచం పక్కన వేశారు. సుద్ద గీతలు చెరగకుండా ఉన్నాయి. దేన్నీ తుడవకుండా దాని గీతలో దాన్ని పెట్టాడు. ఆవిడ కుడిచేతిలో గుడ్డ పెట్టి, ఇవిగో మా చుట్టాలు, నువ్వు లేక మట్టికొట్టుకుపోయారు అని నవ్వబోయాడు. ఆవిడ గోడవైపు తిరగలేదు. అంతవరకు మేలు. చుట్టాలని చూస్తూ పడుకుంది. గుడ్డ మాత్రం జారి కింద పడింది.

అలా ఎన్నిసార్లు పెట్టాడో, అది ఎన్నిసార్లు పడిందో. పొద్దునా సాయంత్రం అదే పని. బతిమాలాడు. బొమ్మలు వేయడం మానేస్తానన్నాడు. ఆవిడ ఒకప్పుడు చూడాలని సరదాపడిన ఊళ్ళన్నీ తిప్పుతానన్నాడు. ఒక మధ్యాహ్నం ఓపిక చచ్చి గట్టిగా అరిచాడు. "కదుపు. ఒక్క వేలు. ఒక్క వేలైనా కదపవే" అని ఆ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆవిడ ఏడ్చింది. సగం మొహమే ఏడ్చింది, రెండో సగం ఊరికే చూస్తూ ఉండిపోయింది. అది చూశాక ఆయన పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో తనూ ఏడ్చాడు. జీవితమంతా కదలొద్దని అన్న మనిషికి ఇప్పుడు కదలమని ఎవరిని వేడుకోవాలో తెలియలేదు.

మొహం కడుక్కుని వచ్చేసరికి ఒక ఆలోచన తట్టింది. గాజు గ్లాసుని దాని సుద్ద గీతలోంచి బయటికి, ఆవిడవైపు కొంచెం జరిపాడు. గీత ఖాళీగా గుండ్రంగా కనిపిస్తోంది. తను కుర్చీలో వెనక్కి కూర్చున్నాడు.

ఆవిడ గ్లాసుని చూసింది. ఖాళీ గీతని చూసింది. మళ్ళీ గ్లాసుని చూసింది. చాలాసేపటికి ఎడమచెయ్యి దుప్పట్లోంచి వచ్చి, కుడిచేతి మణికట్టు పట్టుకుని, పరుపు మీంచి బల్ల మీదికి ఈడ్చుకుంటూ తెచ్చింది. కుడిచెయ్యి గ్లాసు పక్కన మడిచిన గుడ్డలా పడింది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. భుజంలోంచి ఎక్కడినుంచో చిన్న తోపు వచ్చింది. అది ఎడమచేతిదో కుడిచేతిదో ఆయనకి తెలియలేదు. గ్లాసు బల్ల మీద కిర్రుమని వేలెడంత జరిగి, గీత అంచుకి వచ్చి, ఒరిగింది.

పడిపోతుందన్న భయంతో ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. గ్లాసుని పట్టుకుని, పాత అలవాటు కొద్దీ, సరిగ్గా గీతలో పెట్టేసింది.

"కదపకు."

వంటింట్లోంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. అమ్మ మాట్లాడింది నాన్నా అంటూ ఆయన భుజం పట్టుకుంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ ఆయన్ని 'మీరు' అనే తప్ప 'నువ్వు' అని ఎరగదు. కోపంలో కూడా కదపకండీ అనే అంటుంది. ఆ మాట ఆవిడది కాదు. ఆ విసురు, చివర్న ఆ తెంపు, అన్నీ తనవే. ఆవిడ లోపల అన్నిటికన్నా బాగా నలిగిపోయిన మాట అదన్నమాట.

ఆవిడ ఆయన్ని చూడటం లేదు. తను తెచ్చినచోట లేని గ్లాసునే చూస్తోంది.

ఆయన గ్లాసుని మళ్ళీ గీత అంచుకి, ఆవిడ జరిపిన చోటికి తెచ్చి పెట్టాడు. రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకున్నాడు. "కదపనండీ," అన్నాడు.

వెలుతురు తగ్గేదాకా ఆవిడ మళ్ళీ పెదవి విప్పలేదు. చెయ్యి కూడా గ్లాసు పక్కన పడినచోటే ఉంది. కూతురు దీపం వేస్తానంటే వద్దన్నట్టు ఆయన తల ఊపాడు. గ్లాసు సగం గీతలో, సగం బయట ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు.