పీల్చడం తెలియక కాదు

అరకులో మా డిగ్రీ కాలేజీకి దగ్గరలో ఒక గెడ్డ ఉంది. వానలు తగ్గాక అందులో నీళ్ళు రాళ్ళ మీదుగా ఉరుకుతుంటే, ఆ రాళ్ళకే అతుక్కుని వేలెడంత చేపలు కనిపిస్తాయి. జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి ప్రతి ఏడాదీ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తాను. చుట్టుపక్కల గూడేల పిల్లలే ఎక్కువ. ఆ చేపకి వాళ్ళ భాషలో ఒక పేరుంది, నాకు నోరు తిరగదు. నేను పలికినప్పుడల్లా వాళ్ళు నవ్వుతారు, నేను కసురుతాను, వాళ్ళు ఇంకా నవ్వుతారు.

ఆ చేప గడ్డం కింద బొత్తాంలాంటి మెత్తని చక్రం ఉంటుంది. దాన్ని రాతికి అదిమి, మధ్యభాగాన్ని కాస్త పైకి లాగుతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది, చుట్టూ ఉన్న నీరే చేపని రాతికేసి నొక్కి పట్టుకుంటుంది. నిలువునా పీకితే రాదు. పక్కకి జరిపి, అంచు కింద కాస్త సందు చేస్తే నీరు దూరి పట్టు వదిలేస్తుంది. చాలా చేపలు తిండి తినేది కూడా ఈ పద్ధతిలోనే. ఎర కనబడగానే మొప్పల తలుపులు మూసి, నోటి అడుగుని ఒక్కసారిగా కిందికి దించుతాయి. నీళ్ళతోపాటు ఎర నోట్లోకి వచ్చి పడుతుంది. ఇక్కడి వరిమడుల్లో తేలే ఒక మొక్క కూడా ఇదే పని చేస్తుంది. దారాల్లాంటి ఆకులకు ఆవగింజలంత తిత్తులు. లోపలి నీటిని బయటికి తోడేసి, గోడలు లోపలికి నొక్కుకుపోయి, తిత్తి కాచుకుని ఉంటుంది. ఏ నీటిపురుగో మూత దగ్గరి వెంట్రుకని తాకిందా, మూత తెరుచుకుంటుంది, పురుగు లోపలికి పోతుంది. లెన్సులో ఇది చూసి పిల్లలు నోళ్ళు వెళ్ళబెడతారు. "అన్ని తలుపులూ మూసి ఉంటేనే పీల్చడం. ఎక్కడ సందున్నా ఇక అంతే సంగతులు" అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని.

మా పాపకి అంగిట్లో సందు ఉంది.

పెదవి బాగానే ఉంది, అందుకని పుట్టగానే ఎవరూ గమనించలేదు. పండంటి పిల్ల అన్నారు. రొమ్ము నోట పెడితే ఆబగా అందుకునేది, దవడలు ఆడించేది, కాసేపటికి వదిలేసి ఏడ్చేది. వచ్చిన నాలుగు చుక్కలూ ముక్కులోంచి కారేవి. విశాఖలో డాక్టరుగారు టార్చి వేసి చీలిక చూపించినప్పుడు నాకు విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. పిల్లకి పీల్చడం తెలియక కాదు. నోటి అడుగు దించుతూనే ఉంది, పైనున్న సందులోంచి ముక్కుగాలి వచ్చి నోరు నిండిపోతోంది. ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠం నా ఒళ్ళో పడుకుని ఆకలికి ఏడుస్తోంది. నా చదువు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆపరేషన్ ఉంది, భయపడక్కర్లేదు, పిల్ల కాస్త ఒళ్ళు చేయాలి అన్నారు. అప్పటిదాకా పాలు పిండి, నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని, కొంచెం కొంచెంగా పొయ్యాలి. పడుకోబెట్టి మాత్రం పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక మా ముందున్న పనల్లా ఒక్కటే, ఆ పిల్లని ఆపరేషన్ దాకా పెంచడం.

మా అమ్మ లేదు. అందుకని పార్వతీపురం పక్క పల్లె నుంచి మా అత్త వచ్చింది. ఆవిడ సంచీలోంచి మొదట బయటపడింది ఉగ్గుగిన్నె. ముక్కున్న చిన్న వెండిగిన్నె, మా ఆయనా ఆయన చెల్లెలూ అందులోనే తాగి పెరిగారట. డాక్టరుగారు కూడా అలాంటిదే వాడమన్నారని తెలిసి పొంగిపోయింది.

"సూసినావా, మీ పెద్ద డాట్రు కూడా మా ముసిలోల్ల గిన్ని కాడికే వచ్చినాడు" అని నన్ను దెప్పింది.

గిన్నె సరే, పట్టుకునే తీరు దగ్గరే పేచీ వచ్చింది. మా వైపు ఉగ్గు పొయ్యాలంటే కాళ్ళు బారచాపి, పిల్లని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోస్తారు. నూనె రాయడం, నీళ్ళు పొయ్యడం, అన్నీ ఆ కాళ్ళ మీదే.

"నా కాళ్ళ మీద ఎంతమంది గుంటలు పెరగనేదు? ఊరు ఊరంతా నా కాడికే ఎత్తుకొచ్చీవోరు" అంది.

"ఇది వేరత్తా. నోటి పైన సందుంది. పడుకోబెడితే పాలు ఊపిరిగొట్టంలోకి పోతాయి."

"సరేలే, సదువుకున్నదానివి, నువ్వు సెప్పినట్టే కానీ" అని మూతి ముడుచుకుంది గాని, నా మాటే విన్నది. మెడ వెనక అరచెయ్యి పెట్టి, చేతులు వణికేదాకా పిల్లని నిటారుగా పట్టుకునేది. ఒక పూట పట్టడం అయ్యేసరికి ఇంకో పూట వచ్చేది. తాగినదాని కన్నా కారిందే ఎక్కువ. కడుపు నిండి నిద్రపోవడం అంటే ఏమిటో పాపకి తెలియదు.

సెలవు అయిపోయి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టాక, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చాను. వంటింట్లో కుంపటి పక్కన అత్త కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. పిల్ల వాటి మీద వెల్లకిలా నిద్రపోతోంది. ఒళ్ళు నూనెతో మెరుస్తోంది, పొట్ట గుండ్రంగా ఉంది.

"అరవకమ్మా, పడుకుంది" అంది అత్త. మొహం వెలిగిపోతోంది. "సలికి గజగజలాడిపోతంటే కూసింతసేపు కాళ్ళ మీద ఏసుకున్నాను. పోసిందంతా తాగీసింది. ఒక్క సుక్క ముక్కులోంచి రానేదు. సూడు, కడుపు సూడు."

భయంతో వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అయినా ఆ పొట్ట చూస్తే, నిజం చెప్పొద్దూ, సంతోషం కూడా వేసింది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని అంత తృప్తిగా నేను చూడలేదు. ఎత్తి భుజాన వేసుకున్నాను.

సాయంత్రానికి డొక్కలెగరేయడం మొదలైంది. ఊపిరి తీసుకోవడం కూడా పీల్చడమే. ఛాతీ విప్పారితే గాలి లోపలికి రావాలి. పాపకి గాలి అందక, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఘాట్ రోడ్డు పొడుగునా అంబులెన్సులో అదే చూస్తూ కూర్చున్నాను. పాలు ఎలా పట్టారని ఆసుపత్రిలో అడిగారు, చెప్పాను. డాక్టరుగారు తల ఊపారు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నారు. అత్త అప్పుడు బయట వరండాలో ఉంది.

మర్నాడు పాప పోయింది. చివరిదాకా దాని నాలుక పాలు తాగుతున్నట్టు కదులుతూనే ఉంది.

ఆ తర్వాత అత్త కొండని తిట్టడం మొదలుపెట్టింది. "ఈ మాయదారి సలి తినీసింది నా గుంటని. బేగి బదిలీ సేయించుకోండర్రా, దిగిపోదాం" అని పరామర్శకి వచ్చిన వాళ్ళందరి ముందూ అదే మాట. మా ఆయన నమ్మాడో, నమ్మినట్టు ఊరుకున్నాడో తెలియదు. నేను మాత్రం కాదనలేదు. అసలు సంగతి చెబితే ఆ మనిషి బతకదనిపించింది. అలాగని కోపం లేదని కాదు. చాలాకాలం ఆవిడ కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. కానీ ఆకలేసిన పిల్లకి కడుపు నింపిన మనిషి మీద ఎన్నాళ్ళని కోపం పెట్టుకుంటాను? కోపం పోయింది. ఏడుపే పోలేదు.

గెడ్డ దగ్గరికి ఇప్పటికీ వెళ్తాను, పాఠమూ చెప్తాను. తలుపులన్నీ మూసి ఉండాలన్న చోట మాత్రం పిల్లల్లో ఎవరో ఒకర్ని చెప్పమంటాను. వాళ్ళు బాగానే చెప్తారు.

మొన్న మా ఆడపడుచుకి కొడుకు పుడితే అందరం అత్తగారింట్లో కలిశాం. పిల్లాడు నిక్షేపంలా ఉన్నాడు, పాలు తాగుతుంటే గుటకల చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తోంది. ఉగ్గు వేళకి ఆడపడుచు బిడ్డని ఎత్తుకొచ్చి, "అమ్మా, కాళ్ళు సాపు" అంది.

అత్త చాపలేదు. "మోకాళ్ళు పట్టీసినాయే, నా వల్ల కాదు. పక్కింటావిడని పిలు" అంది.

"నీకు మోకాళ్ళ నొప్పులేటమ్మా, ఎప్పటి నుంచి?" అని కూతురు నవ్వింది.

ఆ పొద్దున్నే ఆవిడ పెరట్లో గొంతుక్కూర్చుని ఆనపపాదు చుట్టూ కలుపంతా పీకడం, చెయ్యి ఆన్చకుండా లేవడం నేను చూశాను. అప్పుడు అర్థమైంది. ఎవరూ చెప్పకపోయినా ఆవిడకి తెలుసు. కొండ చలిని తిట్టిన రోజుల్లో కూడా తెలుసు. ఇన్నాళ్ళూ నేను ఆవిడని కాపాడుతున్నానని అనుకుంటూ వచ్చాను, ఆవిడ ఒక్కర్తే మోస్తూ వచ్చింది.

అత్త నా వైపు చూడలేదు. కాళ్ళు రెండూ ముడుచుకుని, చీర చెంగు వాటి మీదికి లాక్కుంది.

"ఎప్పటి నుంచో ఉన్నాయమ్మా, మీ అమ్మ పైకి చెప్పుకోదు. ఇలా తే" అని బిడ్డని నేను అందుకున్నాను. గోడకి ఆనుకుని కాళ్ళు చాపాను. పిల్లాణ్ణి వాటి మీద వేసుకున్నాను. కాసేపటికి అత్త జరిగి వచ్చి నా పక్కన కూర్చుని, పిల్లాడి తల జారిపోకుండా చెయ్యి అడ్డం పెట్టింది.