తీజ్ బుట్టలు ముట్టిన లాలి

“పెండ్లిగాని పిల్లలు తప్ప ఎవ్వరు ముట్టగూడదని ఎరుకలేదా? మొగడు సచ్చినదానివి, తీజ్ బుట్టలు ఎట్ల లేపుకపోయినవే?”

“నువ్వు మీసం దువ్వుకుంట కూసుంటే గుట్ట మిగులుతదా నాయకా? అందుకే లేపిన.”

“గుట్ట పోతున్నది నీ చేతులతోనే! జామాయిల్ నారు పెంచిందెవ్వరు, మా అవ్వనా?”

జీపు ఆగీ ఆగకముందే దేవ్‌సింగ్ చెవిన పడ్డ మాటలివి. ఒక గొంతు తండా నాయకుడు గోప్యాది. రెండోది తన మేనత్త లాలిది. ఖమ్మంలో డిగ్రీ సగంలో వదిలేసి తిరుగుతున్న అతన్ని, హిందీ వచ్చు కదా అని అడవి ఆఫీసరు వెంకటనారాయణ ఆ పూటకు దుబాసీగా పట్టుకొచ్చాడు. జీపులో నేపాల్ నుంచి వచ్చిన ఒకామె, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. అడవిని తరిగిపోకుండా వాడుకోవడం ఎలాగో ఇరుగుపొరుగు దేశాలు ఒకదాని దగ్గర ఒకటి నేర్చుకోవాలట. అందుకని టేకులపల్లి అవతలి ఈ తండా నర్సరీ చూపిస్తున్నారు.

తండాలో లాలి అంటే ఎవరికీ గిట్టదు. మొగుడు బొగ్గుబావిలో పోయాక ఆమె కూలికి నర్సరీలో చేరింది. ఆమె పెంచిన జామాయిల్ నారే పడమటి బీడంతా నిండింది. చెట్లు ఏపుగా లేచాయి, కింద గడ్డి చచ్చింది. ఆవుల్ని అమ్ముకున్నవాళ్లు ఆమె గడప ముందు ఉమ్మేసి పోయేవాళ్లు. ఆమె మాత్రం తక్కువ తిన్నదా, వాళ్ల వాకిట్లోకే పోయి ఏడు తరాలూ తిట్టి వచ్చేది.

ఇక మేతకు మిగిలింది గుట్ట వాలొక్కటే. జామాయిల్ నాటడానికి అడవిశాఖవాళ్లు దాన్నీ దున్నబోతున్నారు. తీజ్ పండక్కి పెండ్లికాని ఆడపిల్లలు నీళ్లుపోసి పెంచుతున్న గోధుమ మొలకల బుట్టలు తెచ్చి నర్సరీలో పెడితే విదేశాలవాళ్లు ముచ్చటపడతారని ఆఫీసరు అడిగాడు. గోప్యా కుదరదన్నాడు. వచ్చినవాళ్లతో నన్ను మాట్లాడనిస్తావా అని లాలి ఆఫీసరుతో బేరం పెట్టి, నాయకుడి ఇంటిముందు మంచె మీది బుట్టల్ని తెల్లారకముందే తానే మోసింది.

నేపాలీ ఆమె బుట్టల ముందు నిలబడింది. ముచ్చటపడలేదు.

“మేమూ దసరాకు బార్లీ ఇలాగే మొలకెత్తిస్తాం. చీకటి గదిలో. పూజ చేసే మనిషి తప్ప ఎవరూ లోపలికి పోరు. వీటిని ఎండలో ఎవరు పెట్టారు?” అంది హిందీలో.

దేవ్‌సింగ్ తెలుగులో చెప్పాడు. గోప్యా పకపకా నవ్వాడు. “ఇనవడ్డదా లాలీ? దేశం కానిదానికున్న సోయి నీకు లేకపాయె.”

లాలి మొహం నల్లబడింది. అయినా ఆగలేదు. “నేనే పెట్టిన. తప్పే. గీ చెట్ల కింద గడ్డి మొలవదమ్మా. ఆ వాలన్నా వదలమని ఈ సారుకు చెప్పు.” దేవ్‌సింగ్ అదీ హిందీలో చెప్పాడు.

“మా కొండల మీదా అంతే, సూదాకుల చెట్లు నాటి గడ్డి పోగొట్టారు” అంది ఆమె. తమ సాల చెట్ల అడవిలోకీ ఈ జామాయిలే వచ్చిందన్నాడు బంగ్లాదేశ్ ఆయన.

“ఒకరి దగ్గరొకరు మంచిగనే నేర్సుకున్నరు సార్” అన్నాడు దేవ్‌సింగ్.

ఆఫీసరు పళ్లు కొరికాడు. “నిన్ను పిలిచింది వాళ్ల మాట చెప్పడానికి, నీ మాట కలపడానికి కాదు.” లాలి వైపు తిరిగాడు. “మాట్లాడనిచ్చానుగా? ఇంకేం కావాలి? పైనుంచి ఆర్డరు వచ్చేసింది. రేపొద్దున ట్రాక్టరు వస్తుంది.”

నేపాలీ ఆమె ఏదో అనబోయింది. ఆయన వినకుండా అతిథుల్ని జీపెక్కించాడు. దేవ్‌సింగ్ ఎక్కలేదు.

గోప్యా వెంట వచ్చిన ఆడపిల్లలు బుట్టలెత్తుకుని తండా దారి పట్టారు. గోప్యా తీర్పు చెప్పేశాడు. “ఈసారి తీజ్ కాడ కనవడకు. నీతోని ఎవ్వరు మాట్లాడరు, నీళ్లు గూడ ఇయ్యరు.”

దేవ్‌సింగ్ కోపంతో అతని మీదికి దూకబోయాడు. లాలి మేనల్లుడి అంగీ పట్టి వెనక్కి లాగింది. గోప్యా దూరం పోయేదాకా వదల్లేదు.

“నా తరఫున కొట్లాడకురా. నేను ముట్టినమాట నిజమే. నువ్వు ఇల్లిల్లు తిరుగు. తెల్లారకముందే తండల ఉన్న పసులన్ని గుట్ట మీదికి తోలమను, ట్రాక్టరుకు అడ్డం నిలవెట్టమను. నేను చెప్పిననని మాత్రం అనకు.”