పిన్ని చెంప తీర్పు

మా పిన్ని స్ఫటికాలు కోసే దుకాణంలో ఇరవై రెండేళ్లు రాళ్లు ఏరింది. వచ్చిన ముక్క స్ఫటికమా, గాజా తేల్చడం ఆమె పని. రాయిని కుడి చెంపకు ఆనించుకునేది. గాజు ఇట్టే వెచ్చబడుతుంది, స్ఫటికం చాలాసేపు చల్లగానే ఉంటుంది. అంతే, ఇక ఆమె మాటకు తిరుగులేదు. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువగానే తెలుసు.

ఓ రోజు పొద్దున్నే పన్ను పీకించుకుని, సెలవు పెట్టమంటే వినకుండా నేరుగా పనికి వచ్చింది. మొండితనంలో మా అమ్మకు చెల్లెలే మరి. ఆ పూటే, వాగులో రాళ్లు ఏరి అమ్మే పెద్దాయన పిడికెడంత రాయి తెచ్చాడు.

కొండ పగుళ్లలో చేరిన వేడినీళ్లు ఏళ్లూ పూళ్లూ నిదానంగా చల్లారితే, వాటిలో కరిగి ఉన్నది పేరుకుని ఆరు పలకల స్ఫటికమవుతుంది. ఈ రాయి వాగులో దొర్లి దొర్లి పలకలన్నీ అరగదీసుకుంది. పైగా వాగు ఎగువన ఒకప్పుడు గాజు బట్టీ ఉండేది. స్ఫటికమే అయితే భూతద్దానికి పనికొచ్చేంత తేటగా ఉంది.

పిన్ని చెంపకు ఆనించుకుంది. "చల్లదనం లేదు. గాజు," అంది.

"ఏం పెద్దాయనా, సీసా పెంకులు కూడా అమ్ముతున్నావా?" అన్నాడొకడు. నలుగురూ నవ్వారు. ఆయన రాయిని గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ పిన్ని కుడి చెంప కొరుక్కుంది. రక్తం వచ్చినా నొప్పి తెలియలేదు. సూదిమందు మత్తు ఇంకా దిగలేదన్నమాట! చెయ్యి కడుక్కుని, పక్కనే పూసలకు బెజ్జాలు వేస్తున్న నన్ను లాక్కుని ఆయన ఇంటికి పరుగు తీసింది.

ఆయన గడప మీద కూర్చున్నాడు. ఎదురుగా సుత్తి, నాలుగైదు ముక్కలు.

"తప్పయిపోయింది బాబాయ్! చెంప మొద్దుబారి ఉంది, నేనే చూసుకోలేదు."

"పగలగొట్టి చూశాను, గాజులాగే వంపులు తిరిగి పగిలిందిగా అమ్మా."

"స్ఫటికమూ అలాగే పగులుతుంది బాబాయ్." పిన్ని ఒక ముక్క తీసి ఎడమ చెంపకు ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది. "స్ఫటికమే. పదండి, ఆ నవ్విన వాళ్ల ముందే చెప్తాను."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది నాకు.

"చెబుదువుగానీలే. ముప్పై ఏళ్ల నుంచి ఏరుతున్నా, నీళ్లలో చూడగానే స్ఫటికమని తెలిసింది. నువ్వు కాదనేసరికి, నా కళ్లకంటే నీ చెంపనే నమ్మానమ్మా."