ఒకే ఊరి ఓటర్లం

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా ఎదురు ఫ్లాట్‌లో ఉండేది మా ఊరావిడే. మాది కడప వైపు చిన్న టౌను. వాళ్ళది మసీదు వీధి, మాది బజారు వీధి. ఊళ్ళో ఒకరినొకరం ఎరగం, దుబాయ్ వచ్చాకే స్నేహం. నేను ఒక ఆఫీసులో అకౌంట్లు చూస్తాను, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. 2024 ఎన్నికలకు ఇద్దరం కలిసి వెళ్ళి ఓటేసి రావాలనుకున్నాం.

టికెట్లు తీసే ముందు, ఎందుకైనా మంచిదని ఫోన్లో ఓటర్ల జాబితా చూశాను. నా పేరుంది. ఆమెది లేదు, ఆమె భర్తదీ లేదు. స్పెల్లింగు మార్చి మార్చి వెతికినా దొరకలేదు. ఆమె వెంటనే ఊళ్ళో ఉన్న మరిదికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మీరు ఊర్లో లేరని ఎవురో అర్జీ పెట్టినారంట వదినా. మన వీధిలో శానామందివి తీసేసినారు. ఇంట్లో ఉండేటోళ్ళవి గూడా."

"మరి ఈ బజారు వీధి అక్క గూడా దుబాయ్‌లోనే ఉంది కదా? ఆమె పేరెట్లా ఉంది?"

"బజారు వీధోళ్ళ మీద ఎవురు పెడతారు వదినా?" అన్నాడు.

నేను ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆమెకంటే ఎన్నో ఏళ్ళ ముందే ఊరొదిలినదాన్ని. రూలు ప్రకారమైతే నా పేరే ముందు పోవాలి.

నేనూ వెళ్ళనన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు ఆగితే నా పేరు తిరిగొస్తాదా? పోయిరా అక్కా. మీ పాపను నేను చూసుకుంటాలే."

మా ఆయనకు సెలవు దొరకలేదు. పాపను ఆమె దగ్గరే వదిలి వెళ్ళాను.

బూత్‌లో నా ముందున్న ముసలమ్మను, జాబితాలో పేరు లేదని వెనక్కి పంపేశారు. ఆధార్ కార్డు చూపించి, "పుట్టినకాడ్నుంచి ఈడనే ఉండాను నాయనా," అంటోంది. ఈమెది ఈ ఊరేనని నేనూ చెప్పాను. "మీ పేరుంది కదా మేడం, మీరు వేసుకోండి," అన్నాడు అక్కడి ఉద్యోగి. వేసి వచ్చాను.

తిరిగొచ్చేసరికి పాపకు తలంటి, రెండు జడలు వేసి ఉంచింది. నా వేలిమీద సిరా చూసి, "వేసినావా? మంచి పని చేసినావు," అని నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది. ముసలమ్మ సంగతి చెప్పాను. ఆ ముసలమ్మ ఎవరై ఉంటుందా అని ఆలోచిస్తూ ఆమె చాలాసేపు కుట్టుమిషన్ దగ్గరే కూర్చుండిపోయింది.

తరువాతి సెలవుల్లో వెళ్ళి ఆమె మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది. ఆమె పేరు వచ్చింది, భర్తది ఇంకా రాలేదు. ఆ సంగతి ఎప్పుడు ఎత్తినా, ముందుగా మాట మార్చేది నేనే.