పక్కసీటు క్లచ్

మా బాబాయిని అందరూ క్లచ్ మాస్టారు అనేవారు. ఆయన డ్రైవింగ్ స్కూలంటే ఒక అద్దె గది, గోడకు ట్రాఫిక్ గుర్తుల చార్టు, బయట పాత తెల్లకారు. అంతే. ఆ కారులో పక్కసీటు ముందు కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. బాబాయి ఆ సీటు ముందుకు లాక్కుని, మోకాళ్లు డాష్‌బోర్డుకు ఆనేలా కూర్చునేవాడు. ఎవరికైనా మొదటి పాఠం ఒకటే: "చెప్పులు విప్పు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి తెలియాలి." కాలేజీ మధ్యలో మానేసిన నేను చివరిదాకా నేర్చుకున్న చదువు అదొక్కటే. ఎండకు కాగిన ఆ రబ్బరు మ్యాట్ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా ఎడమకాలి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి.

పాతికేళ్లు తొక్కీ తొక్కీ ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇక క్లచ్ జోలికి వెళ్లొద్దన్నాడు డాక్టరు. పాతది అమ్మేసి క్లచ్ లేని ఆటోమేటిక్ కొనమని పిన్ని ఒకటే పోరు. ఆ కారు పోతే స్కూలూ పోయినట్టే. ఆయన నెలంతా నాన్చి, చివరికి మా ఇద్దరినీ ఎక్కించుకుని షోరూముకు తీసుకెళ్లాడు, డాక్టరు మాట పెడచెవిన పెట్టి తానే నడుపుతూ.

అక్కడ నడిపి చూడమని ఇచ్చిన కొత్త బండి వీధి చివరిదాకా బాగానే పోయింది. మలుపులో ఆయన ఎడమకాలు అలవాటు కొద్దీ లేని క్లచ్‌ను వెతికి, బ్రేకును బలంగా తొక్కేసింది. సేల్స్ అతను ముందుకు తూలాడు. బాబాయి మోకాలు పట్టుకుని దిగాడు.

ఇంటికెళ్లడానికి పిన్ని పాత కారు తాళాలు లాక్కుంది. ఆదివారం బజారుకెప్పుడూ ఆమే నడిపేది, పక్కన బాబాయి. తన చేతిలో బండి ఒక్కసారి కూడా ఆగలేదని నేర్చుకునేవాళ్లందరి ముందూ గొప్పలు పోయేది.

వంతెన ఎత్తు మీద సిగ్నల్ పడింది. పచ్చలైటు రాగానే బండి కదలబోయి ఇంజను ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసింది, మళ్లీ ఆగింది. మూడోసారి వెనక్కి జారుతుంటే బాబాయి హ్యాండ్‌బ్రేకు లాగాడు. వెనక బస్సువాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

పిన్ని ఆయన వైపు తిరిగింది. "ఏవండీ, ఇన్నాళ్లూ ఈ ఎత్తు మీద క్లచ్ తొక్కింది మీరా?"

"కొంచెం," అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

"కొంచెమంటే?"

"మొత్తం."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఆ రోజే స్టీరింగ్ వదిలేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా?"

దిగు పిన్నీ, నేను పట్టుకెళ్తానన్నాను. నోర్మూసుకుని కూర్చోమంది. వంగి చెప్పులు తీసి సీటు కిందికి తోసింది.

"విప్పాను. చెప్పండి."

"మెల్లగా వదులు. బండి వణుకుతుంది చూడు, అక్కడ ఆపు. ఇప్పుడు హ్యాండ్‌బ్రేకు దించు."

బండి వణికి, మూలిగి, ఎత్తెక్కింది.

షోరూమువాడు ఫోన్ చేస్తే, ఇంకా నేర్చుకుంటున్నాను, తర్వాత చూద్దామంది పిన్ని. నాకు నేర్పినప్పుడు ఎంత తొక్కాడో నేను అడగలేదు. ఆ తర్వాతి ఆదివారం బాబాయి పక్కసీటును కిర్రుమనిపిస్తూ, క్లచ్ కాలికి అందనంత వెనక్కి తోశాడు. తుప్పు పట్టిన పట్టాలు ఒక పట్టాన కదల్లేదు. కాళ్లు చాపుకుని కూర్చున్న మాస్టారును మేం చూడటం అదే మొదలు.